తలుపు తీసి కెప్టెన్‌ని కాపాడిన సూరిదేముడు

చోడవరం దాటి కాస్త లోపలికి పోతే బెల్లం వండే ఊళ్ళొస్తాయి. అందులో ఒక ఊళ్ళో సూరిదేముడని ఉండేవాడు. ఊరి తెలివంతా తమ ఇంట్లోనే పోగుపడిందని అతని నమ్మకం. ఊరికే అనేవాడు కాదు, రుజువు కూడా చెప్పేవాడు. ఆసుపత్రి గుమ్మంలో "చెప్పులు బయట విడువవలెను" అని రాసి ఉంటే, ఉత్తికాళ్ళతో వెళ్ళిన వాళ్ళమ్మ సీతయ్యమ్మ ఏం చేసిందనుకున్నారు? తిన్నగా బజారుకెళ్ళి చెప్పులు కొనుక్కొచ్చి, బయట విడిచి, అప్పుడు లోపలికి అడుగుపెట్టింది. చెప్పింది చెప్పినట్టు వినడమంటే అదీ, అనేవాడు.

అలాంటి ఇంట్లో సూరిదేముడికి మింగుడుపడనిది ఒక్కటే. పెళ్ళాం వరహాలమ్మకి టీవీలో వచ్చే 'చుక్కల పడవ' సీరియల్ అంటే ప్రాణం. ఆకాశంలో తిరిగే ఓడ, దానికో కెప్టెన్, వెంట సిబ్బంది, దారి తప్పి ఇల్లు చేరలేక పడే తిప్పలు. ఆకాశంలో ఓడ నడవడానికి నీళ్ళేవీ అని మొగుడు రోజూ వెక్కిరించేవాడు. ఆవిడ రోజూ చూసేది.

ఒకనాడు బయట బెల్లం పెనం మీద పాకం ఉడుకుతోంది. కలబెట్టడానికి మనిషి కావాలి. టీవీ కట్టేసి పెళ్ళాన్ని లేపుదామని సూరిదేముడు లోపలికొచ్చి స్విచ్చి మీద చెయ్యి వేశాడు. సరిగ్గా అప్పుడే కెప్టెన్ అతని మొహంలోకి చూసి, "ఎవరూ కదలొద్దు. నేను చెప్పేదాకా ఎక్కడివాళ్ళక్కడే" అన్నాడు.

అంతే. సూరిదేముడి చెయ్యి స్విచ్చి మీదే ఉండిపోయింది. గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన సీతయ్యమ్మ గుమ్మంలోనే ఉండిపోయింది. కదలమని చెప్పకుండానే ఆ రోజు భాగం అయిపోయింది. ఇంకేముంది, మర్నాడు సాయంత్రం కెప్టెన్ వచ్చి "ఇక ఫరవాలేదు" అనేదాకా ముగ్గురూ బొమ్మల్లా ఉన్నారు. బయట పాకం మాడి పెనానికి రాయిలా పట్టింది. పక్కింటివాళ్ళొచ్చి మంట ఆర్పి, ఏమైందని అడిగారు. పెదవి కదిపినా కదిలినట్టే కదా, ఎవరూ పలకలేదు.

అంత దగ్గర నుంచి చూశాక అభిమానం పుట్టకుండా ఉంటుందా? కెప్టెన్‌కి ఇంటి దగ్గర చిన్న కూతురుందట, నాన్న ఎప్పుడొస్తాడా అని వీధిలోకి చూస్తూ కూర్చుంటుందట. అది విని సూరిదేముడు తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు. ఆ మనిషిని ఇల్లు చేర్చేదాకా తనకి నిద్ర పట్టదన్నాడు. అప్పట్నుంచి వరహాలమ్మ కంటే ముందే చాప వేసుకుని కూర్చునేవాడు. ఆవిడ దగ్గితే విసుక్కునేవాడు.

ఇంతలో ఓడలో గాలి అయిపోవచ్చింది. కెప్టెనే చెప్పాడు. ముగ్గురూ లేచి కిటికీలన్నీ తెరిచారు. అది చాలదని సూరిదేముడు సైకిలు పంపు తెచ్చి టీవీ వెనక చిల్లుల్లోకి కొట్టాడు. మనం ముగ్గురం ఇక్కడున్న గాలి పీల్చేస్తుంటే పాపం ఆళ్ళకేటి మిగుల్తాదని వరహాలమ్మ అడిగింది. అదీ నిజమే. వీధిలోకి వెళ్ళి, వానలో తడుస్తూ కిటికీలోంచి చూశారు. మర్నాడు కెప్టెన్ "గాలి దొరికింది" అన్నాడు. ఇంకేముంది, పంపు కొట్టిన చేతులివేనని సూరిదేముడు ఊరంతా తిరిగి చూపించాడు.

అసలు ఆపద ఆ తర్వాత వచ్చింది. ఓడ ఎక్కడో కూలింది. కెప్టెన్ నుదుటి మీద రక్తం. "తలుపు ఇరుక్కుపోయింది. బయట నుంచి ఎవరైనా తీస్తే తప్ప మేం బతకం" అన్నాడు. అక్కడితో ఆపేసి సబ్బు ప్రకటన వేశారు.

"రేపు తీస్తారు కాబోలు మావా," అంది వరహాలమ్మ.

"రేపటిదాకా ఆగే దెబ్బేటే అది? బయట ఉన్నది మనవే. ఇంకెవుల్ని అడుగుతాడు?"

స్క్రూడ్రైవరు తెచ్చి టీవీ వెనక డొప్ప ఊడదీశాడు. ఏదో తీగ తెగి చిటపటమంది, బొమ్మ ఆరిపోయింది. కాసేపటికి లోపల నుంచి చీమలు బారు కట్టి బయటికొచ్చాయి. బెల్లం చేతులతో ముట్టుకునే టీవీ, ఎప్పుడు చేరాయో ఏమో.

ముగ్గురూ దండం పెట్టారు. ఇంత చిన్నగా ఉన్నారేట్రా అని సీతయ్యమ్మ గొణిగితే, టీవీలో ఉండే మనుషులు టీవీలో పట్టేంతే ఉంటారమ్మా అని కొడుకు విడమరిచి చెప్పాడు. అందరికంటే ముందు నడిచేవాడు కెప్టెన్. అందులో అనుమానం లేదు. అరిటాకు పరిచి బెల్లం పెట్టారు. సిబ్బంది తింటోంది గానీ కెప్టెన్ ముట్టకుండా గోడ వైపు వెళ్ళిపోతున్నాడు. కూతురు గుర్తొచ్చిందని వరహాలమ్మ బావురుమంది.

ఇంకేముంది, ఆ పిల్ల దగ్గరికి చేర్చాలంటే ఓడ బాగుపడాలి. మర్నాడు సూరిదేముడు టీవీ నెత్తిన పెట్టుకుని చోడవరం బయల్దేరాడు. సిబ్బంది దారి తప్పకుండా వరహాలమ్మ అడుగడుగునా బెల్లంపొడి చల్లింది. సీతయ్యమ్మ వెనకాల నడుస్తూ, ఎవరూ తొక్కకుండా బస్సుల్ని ఆపింది. సిబ్బంది నడక సిబ్బందిది, ఎవర్నీ తొందరపెట్టలేదు. టీవీలు బాగుచేసే కొట్టు చేరేసరికి పొద్దు వాలింది.

కొట్లో కుర్చీలో కూర్చున్నాయన టీవీని అటూ ఇటూ తిప్పి చూసి, ఏమైందని అడిగాడు.

"తలుపు నానే తీసినాను బాబూ," అన్నాడు సూరిదేముడు. "ముందు మనుషుల్ని ఎక్కించి, తరవాత వెయ్యి. అదిగో, గుమ్మం దిగుతున్న ఆయనే కెప్టెన్. ఆయన్ని కిటికీ పక్కన కూకోబెట్టు, ఇల్లొస్తే దిగిపోతాడు."