ఇంటిపేరు అడిగిన చిట్టెన్న

వరిచేలో గేదె డెక్క పడ్డ గుంటలో ఒక తోకకప్ప, దాని ఒంట్లో తనకిక నేర్చుకునేదేమీ లేదని విర్రవీగే చిట్టెన్న అనే కాపలావాడు ఉండేవారు. చిట్టెన్న మనిషి కాదు, నెత్తుట్లో తిరిగే ఒక కణం. కంటికి ఆనడు గానీ వాడి మీసం మాత్రం మూరెడు! అబద్ధమైతే నా పళ్లూడిపోవాలి. ఉన్నవి రెండే అనుకోండి.

తోకకప్ప చెవి వెనక థైమస్ అనే బుల్లి గ్రంథి ఉంటుంది. రోగాలతో పోట్లాడే కాపలావాళ్లకు అదే బడి. అక్కడి పంతులమ్మ ఒకే పాఠం చెప్పేది. "ఎదురుపడ్డవాణ్ణి ఇంటిపేరు అడగండి. మనవాడైతే దణ్ణం పెట్టండి, పరాయివాడైతే చితక్కొట్టండి." ఆ పాఠంతోనే చిట్టెన్న కోటానుకోట్ల క్రిములను తన్ని తగలేశాడు.

ఎండలు ముదిరాయి. గుంటలో నీళ్లు బెత్తెడు మిగిలాయి. తోకకప్ప కప్పగా మారి గట్టెక్కకపోతే ఎండి వడియమైపోతుంది. అప్పుడే పంతులమ్మ కబురు పెట్టింది. "ఒంట్లోకి కొత్తవాళ్లు వస్తున్నారు. అందరూ మళ్లీ బడికి రండి."

"నేనా? మీసాలొచ్చాక పలకా?" అని చిట్టెన్న పకపకా నవ్వాడు.

మర్నాడు కొత్తగా మొలిచిన వెనక కాలు ఎదురైంది.

"ఆగు! మీ ఇంటిపేరు?"

"గెంతులవారమండీ."

"ఈ ఇంట్లో అందరూ ఈతవారే! ఎక్కడి దొంగవే నువ్వు?" అని ఎడాపెడా బాదేశాడు. కాలు గుమ్మడికాయలా వాచింది. పాపం, తోకకప్ప మూడుసార్లు ఎగిరి మూడుసార్లూ బురదలోనే పడింది.

పంతులమ్మ తాను కొత్తగా చదివించినవాళ్లను పరుగున పంపింది. పదిమంది కలిసి చిట్టెన్న రెక్కలు విరిచి పట్టుకున్నారు.

"ఓరి తింగరోడా! నువ్వు కొడుతున్నది మన కాలినేరా!" అని అరిచింది పంతులమ్మ.

"మనదా? మరి ఆ ఇంటిపేరేంటండీ?"

"తోకకప్ప కప్పవుతోంది. ఇల్లే మారుతుంటే ఇంటిపేరు మారదట్రా?"

చిట్టెన్న నాలిక్కరుచుకున్నాడు. చిన్నపిల్లల పక్కన చాప మీద చతికిలబడి కొత్త పేర్లన్నీ వల్లెవేశాడు. రెండు రోజులకు కాలి వాపు తీసింది. గుంటలో ఆఖరి చుక్క ఇంకిపోతుండగా కప్ప ఒక్క గెంతు గెంతింది చూడండి, గట్టు దాటి, చేను దాటి, పక్క తాలూకాలో పడింది!

అందుకే పిల్లలూ, అంతా నేర్చేసుకున్నామని ఎన్నడూ మిడిసిపడకండి. కాలం మారినప్పుడు మనవాళ్లెవరో మళ్లీ తెలుసుకోనివాడు తనవాళ్లనే శత్రువులనుకుంటాడు.