మానిన చెయ్యి, తెరుచుకోని పిడికిలి

అనగనగా రత్నగిరిలో ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. చిన్నవాడు జయకేతుడు. అన్నలిద్దర్నీ మింగబోయిన రాక్షసుణ్ణి చంపేటప్పుడు అతని కుడి అరచేయి చీలిపోయింది. కంగారులో కట్టిన కట్టులోనే వేళ్లు ముడుచుకుని, అలాగే మానిపోయాయి. పిడికిలి ఇక తెరుచుకోదు. వచ్చే మాఘంలోనేమో పెళ్లి! "మూడు ముళ్లూ ఆయన చేత్తోనే వెయ్యాలి. రాజుల ఆనవాయితీ అంటూ ఆయనకు బదులు కత్తిని పంపిస్తే పెళ్లి లేదు" అని పెళ్లికూతురు విద్యుల్లత కబురు చేసింది.

రత్నగిరిలో ఒక ఆచారం ఉంది. ఏ దెబ్బకు ఏ వైద్యం చెయ్యాలో కొలువంతా కూర్చుని తేలుస్తుంది. దెబ్బ తగిలినవాణ్ణి మాత్రం అడగరు! ఏం చెప్పమంటారు?

పెద్దన్న ఏడు సముద్రాలు దాటి సంజీవి నీళ్లు తెచ్చాడు. ఎంత గాయమైనా క్షణంలో మూసుకుంటుంది. పోశారు. మూసుకోవడానికి గాయమేదీ? అయినా "భేష్!" అని రాజుగారు పెద్దన్నకు దండ వేశారు. రెండో అన్న ఏడు సముద్రాలు దాటి నొప్పి తీసే మణి తెచ్చాడు. తాకించారు. లేని నొప్పి ఎక్కడికి పోతుంది? "భేష్!" మళ్లీ దండ.

"నాన్నగారూ, గాయం లేదు, నొప్పి లేదు. వేళ్లు చాపడానికి రావడం లేదు మొర్రో అంటే ఒక్కరూ వినరేం!" అన్నాడు జయకేతుడు.

"విసుక్కోకు నాయనా. నీకూ ఒక దండ తెప్పించనా?" అన్నారు రాజుగారు.

ఇక లాభం లేదని మిగిలిన సంజీవి నీళ్లు బుడ్డిలో పోసుకుని, తగిన వైద్యం వెతుక్కుంటూ తనే బయల్దేరాడు. ఏడు సముద్రాలూ ఒంటిచేత్తో తెడ్డు వేసుకుంటూ దాటి, కరాళుడనే మాంత్రికుడి దీవి చేరాడు. కరాళుడి ప్రాణం ఒక చిలకలో ఉంది. ఆ చిలక రెక్క వంకర.

"ఎప్పుడో విరిగింది. రోజూ మాన్పే మంత్రమే చదువుతాడు. వంకర ఇంకా గట్టిపడుతోంది. చెబితే వినడు!" అంది చిలక.

"నీకూ అంతేనా!" అన్నాడు జయకేతుడు.

"గాయం మాన్పేదీ, నొప్పి తీసేదీ కాక అతని దగ్గర మూడో మంత్రం ఒకటుంది. మానిపోయిన పాత దెబ్బను మళ్లీ పచ్చిదెబ్బ చేస్తుంది. భయపడి దాన్నెవరూ కోరరు. నన్ను పట్టుకుని చంపబోతున్నట్టు నటించు" అంది చిలక.

పట్టుకున్నాడు. "చచ్చాను బాబోయ్!" అని చిలక అరిచేసరికి కరాళుడు పరుగెత్తుకొచ్చాడు.

"మూడో మంత్రం చదువు. ముందు చిలక్కి, తర్వాత నాకు."

"పిచ్చివాడా! గాయం చేసే మంత్రాన్ని ఎవడైనా ఎంచుకుంటాడా?"

"నేను ఎంచుకుంటాను. చెయ్యి నాది!"

గత్యంతరం లేక చదివాడు. చిలక రెక్క విరిగింది. జయకేతుడు దాన్ని సరిగ్గా చాపి నీళ్లు పోశాడు. రెక్క తిన్నగా అతుక్కుంది. తర్వాత అతని అరచేయి చీలింది. ప్రాణం పోయినట్టు కేక పెట్టాడు. చిలక ముక్కుతో ఒక్కొక్క వేలినీ లాగి చాపింది. ఎడంచేత్తో నీళ్లు పోసుకున్నాడు. చిలక ఆకాశంలోకి ఎగిరిపోయింది. "నా ప్రాణమా, దిగిరావే!" అంటూ కరాళుడు దాని కింద ఇప్పటికీ పరుగెడుతున్నాడట.

మాఘంలో పెళ్లి జరిగింది. జయకేతుడు ఒక ముడి వేశాడు, రెండో ముడి వేశాడు, మూడోది బిగించాడు.

"కాస్త వదులు చెయ్యండి, ఊపిరాడటం లేదు" అంది విద్యుల్లత.

తన వేళ్లకు అంత పట్టు వచ్చిందన్న సంతోషంతో అంత సభలోనూ అతనికి ఏడుపు ఆగలేదు. ఆ ఇద్దరూ పిల్లాపాపలతో రత్నగిరిని ఏళ్ల తరబడి ఏలారు.