మట్టీ రాయీ అందుకున్న మురియెల్

అనగనగా ఒక ఊళ్ళో అందామంటే అది ఊరు కాదు, లోయ. స్కాట్లండ్ అని చలి దేశం ఉంది చూడు, అక్కడ ఆర్డోరన్ అనే లోయ. యుద్ధంలో తన ప్రాణం కాపాడాడని రాజుగారు దాన్ని గిల్‌క్రైస్ట్ అనే సిపాయికి ఇచ్చాడు. "నీకూ, నీ తర్వాత నీ బిడ్డలకూ" అని పత్రం రాయించాడు.

గిల్‌క్రైస్ట్‌కి ఒక్కతే కూతురు, మురియెల్. ఆయన పోయేనాటికి దానికి పదహారేళ్ళు. ఆ లోయ తప్ప దానికి నిలువ నీడ లేదు.

ఆ దేశంలో పత్రం ఒక్కటే చాలదు. రాజుగారి అధికారి ఆ నేల మీదే నిలబడి, పిడికెడు మట్టీ ఒక రాయీ తీసి వారసుల చేతిలో పెట్టాలి. ముగ్గురు సాక్షులు చూడాలి. అప్పుడే భూమి వాళ్ళది.

అధికారి బయల్దేరి వచ్చాడు. లోయకు ముందు ఏరు పొంగుతోంది. ఆయనకేమో నీళ్ళంటే భయం. అప్పుడు మురియెల్ బాబాయి డూగల్ ఇవతలి ఒడ్డునే ఎదురొచ్చాడు.

"మా అన్నకి పిల్లల్లేరండి, వారసుణ్ణి నేనే. తమరు తడవడం ఎందుకు? మట్టీ రాయీ ఇక్కడికే తెప్పిస్తాను" అన్నాడు. వెండి పళ్ళెంలో తెప్పించాడు కూడా. అధికారి వాటిని తీసి డూగల్ చేతిలో పెట్టేశాడు.

ఆ తర్వాత డూగల్ ఆ ఒడ్డునే విందు మొదలెట్టాడు. ఇంకా పెళ్ళయినా కాలేదు, పుట్టబోయే కొడుకులకి ఏ పొలం ఎవరికో పంచేశాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే మరి.

సంగతి తెలిసి మూడో రోజు పొద్దున మురియెల్ ఏరు దాటి వచ్చింది. బట్టలు నీళ్ళోడుతున్నాయి. గిల్‌క్రైస్ట్ కూతుర్నని చెప్పింది. వెంట వచ్చిన చర్చి ఫాదరు అవునన్నాడు.

అధికారి తల పట్టుకున్నాడు. "తప్పు జరిగిందమ్మా. కానీ చేతిలో పెట్టేశాక వెనక్కి తీసుకునే వీల్లేదు."

"ఎక్కడ నిలబడి పెట్టారండీ?"

"ఇదిగో, ఇక్కడే."

"ఈ ఒడ్డు పక్క దొరది. ఆయన నేల మీద నిలబడి మా నేల ఎలా ఇచ్చారు?"

అధికారి బూట్లు విప్పాడు.

మురియెల్ ఆయన చెయ్యి పట్టుకుని ఏట్లోకి దించింది. నీళ్ళు ముందు మోకాలి దాకా, తర్వాత తొడ దాకా, ఆ తర్వాత నడుం దాకా వచ్చాయి. ఆయన కళ్ళు మూసుకునే నడిచాడు, పాపం. అవతలి ఒడ్డున ఫాదరూ, కమ్మరీ, గొర్రెల కాపరీ చూస్తుండగా వంగి మట్టీ రాయీ తీసి ఆ పిల్ల చేతిలో పెట్టాడు. మూడు రోజులూ ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది.

మురియెల్ కొడుకు ఫెర్గస్, వాడి కొడుకు నీయల్, వాడి కొడుకు కోలిన్. వారసుడు ఎంత గొప్ప దొరైనా సరే, ముందు ఆ ఏట్లో నడుం దాకా తడిస్తేనే ఆ వంశంలో మట్టి ఇస్తారు. అప్పుడు ముసలాయన ఒకడు వంశం చదువుతాడు. తండ్రి, తాత, ముత్తాత, అన్నీ మగపేర్లే. చివర ఒక్క ఆడపిల్ల పేరు వస్తుంది, అందరూ లేచి నిలబడతారు.

దానికి ముందు గిల్‌క్రైస్ట్ ఉన్నాడుగా అంటావేమో. ఉన్నాడు. ఆయనకి రాజు ఇచ్చాడు, ఈమె తెచ్చుకుంది.

ఏరు దాటి కథేమో కంచికి,
దుప్పటి కప్పుకుని నువ్వేమో మంచానికి.