మోగని వరహాలు

మా గురువు సోమలింగాచారి గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరు నాణెం దక్షిణగా ఇచ్చినా అరుగు రాతి మీద వేసి, చెవి ఒగ్గి విని, ఆ తరవాతే పక్కన పెట్టేవారు. అన్నీ వదిలేసిన మనిషికి ఈ కక్కుర్తి ఏమిటా అని మేం చాటుగా నవ్వుకునేవాళ్లం. ఆ నవ్వుకు ఇప్పటికీ సిగ్గుపడుతుంటాను.

ఒకనాడు గున్నయ్య అనే శిష్యుడు వచ్చి ఆయన ముందు కూర్చున్నాడు. కొత్త రాజు అతణ్ణి నాణేలు అచ్చువేసే టంకశాలకు అధికారిగా రమ్మన్నాడు. బంగారు వరహాలో సగం రాగి కలిపితే ఒకటి రెండవుతుందనీ, కరువులో జనానికి కూలి ఇవ్వవచ్చనీ రాజు ఆలోచన.

"జనం మేలుకే కదా గురువు గారూ! ధరలు పెరిగితే వాటినీ కట్టడి చేస్తారట. నేను వెళ్లవచ్చునా?" అని అడిగాడు గున్నయ్య.

గురువు గారు జవాబుగా తన సంగతే చెప్పుకొచ్చారు.

పడుచుతనంలో ఆయన సంతలో నాణేలు పరీక్షించే షరాబట. ఆనాటి రాజు కూడా కరువు సాయానికే వరహాలో రాగి కలిపాడు. కొత్తదీ పాతదీ ఒకటేననీ, కాదన్నవాడికి కొరడా దెబ్బలనీ దండోరా వేయించాడు. బంగారం గీసి చూసే గీటురాళ్లన్నీ భటులు పట్టుకుపోయారు. షరాబుల చెవులు మాత్రం వదిలేశారు.

ఆ వారమే సూరమ్మ అనే గొర్రెల కాపరి, మొగుడు పోయిన మనిషి, గుప్పెడు కొత్త వరహాలతో ఆయన దగ్గరికి వచ్చింది. మేత లేక మందను అమ్మేస్తోంది. కొనేవాడు వీధిలో ఎదురుచూస్తున్నాడు.

"వానలు పడ్డాక వీటితోనే మళ్లీ మందను కొనుక్కోవాలి, ఆచారి బాబూ. నువ్వు మంచియ్యంటేనే గొర్రెల్ని తోలిస్తా. మంచియ్యేనా?"

ఆయన ఒకటి రాతి మీద వేశారు. మోగలేదు. చెక్క ముక్క పడ్డట్టు పడింది. ఎదురుగా భటుడు నిలబడి ఉన్నాడు. ఆయనకు భయం వేసింది.

"రాజముద్ర ఉంది కదమ్మా, మంచివే" అన్నారు.

ఆమె దణ్ణం పెట్టి వెళ్లింది. ఆ సాయంత్రమే ఆయన తన పాత వరహాలన్నీ పొయ్యి కింద పాతిపెట్టుకున్నారు.

వానలు పడ్డాయి. కొత్త వరహాల్లో గొర్రెల ధర నాలుగింతలైంది. పాత ధరకే అమ్మాలని రాజు గద్దించాడు. దాంతో కాపర్లు సంతకు గొర్రెలను తోలుకురావడమే మానేశారు. సూరమ్మ ఊరూరా సంతలు తిరిగి తిరిగి, చివరికి తాను అమ్మిన మందనే కూలికి మేపడానికి కుదిరింది. ఎదురుపడినప్పుడు ఆయన్ను ఒక్క మాట కూడా అనేది కాదట. తిట్టినా బాగుండేది అన్నారు గురువు గారు. ఆయన ధైర్యం కూడగట్టుకుని పాత వరహాలు తవ్వి తీసుకెళ్లేసరికి ఆమె కన్నుమూసి నెల దాటింది.

ఇంత చెప్పి గురువు గారు లోపలికి వెళ్లి, ఆ పాత వరహాల మూట తెచ్చి గున్నయ్య చేతిలో పెట్టారు. గున్నయ్య ఒకటి తీసి రాతి మీద వేశాడు. ఖంగున మోగింది.

"ఇన్నేళ్లయినా విలువ తగ్గలేదు, గురువు గారూ! ఇప్పుడు వీటితో పది మందలు కొనవచ్చు."

"అవును, తగ్గలేదు" అన్నారాయన. ఆయన కళ్లు తడిశాయి.

గున్నయ్య తల దించుకున్నాడు. "అయినా అది రాజాజ్ఞ కదా. మీ తప్పేముంది?"

గురువు గారు మూట మళ్లీ కట్టేశారు.

"ఆమె అడిగింది రాజును కాదు నాయనా, నన్ను."