నీరు ఊరని పడవ

తాళ్ళరేవుకు ఆవల, ఏటి ఒడ్డున చిన్న ఆశ్రమంలో ఉండే నిత్యబోధస్వామికి వాదించే అలవాటు లేదు. ఎవరేది అడిగినా, తాను కళ్ళారా చూసినదేదో చెప్పి ఊరుకునేవారు.

ఆయన శిష్యుల్లో శరభయ్య అనే బడిపంతులు ఉండేవాడు. అతని తొమ్మిదేళ్ళ కూతురు ఆరు రోజుల జ్వరంతో పోయింది. వైద్యుణ్ణి పిలవడంలో ఆలస్యం జరగలేదు, మందులో పొరపాటూ లేదు. అయినా నాలుగు నెలలుగా అతను స్వామిని ఒక్కటే అడుగుతున్నాడు.

"నా తప్పెక్కడుందో చెప్పండి స్వామీ. అది తెలిస్తే చాలు, ఇంకేమీ అడగను."

ఒకరోజు అలా అడిగినప్పుడు స్వామి, ఓలేటి సత్తెయ్య సంగతి చెప్పారు.

సత్తెయ్య పడవలు కట్టేవాడు. తమ్ముడు పోలయ్య చేపల వేటకు వెళ్ళే పడవ కూడా ఆయన కట్టినదే. గాలీ వానా లేని ఒక ఉదయం పోలయ్య ఆ పడవలో, ఏరు కడలిలో కలిసే మొగ దాటి సముద్రంలోకి వెళ్ళి, మళ్ళీ రాలేదు. ఒక తెడ్డు మాత్రం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. కర్మకాండ ముగిసిన మర్నాడే సత్తెయ్య ఆ పడవ కట్టగా మిగిలిన టేకు ముక్కలు ముందేసుకుని, అచ్చం అలాంటి పడవనే చిన్నగా, రెండు మూరల పొడవున కట్టడం మొదలుపెట్టాడు. అడుగు దూలం నిలిపి, వంపు కర్రల్ని పక్కటెముకల్లా బిగించాడు. పల్చగా చీల్చిన పలకల్ని నానబెట్టి, సెగ చూపి, విరగకుండా వంచి, కుడివైపొకటి ఎడమవైపొకటి మార్చి మార్చి అతికాడు. పెద్ద పడవకు పక్కకు పదకొండు పలకలు; దీనికీ పదకొండే. పెద్ద పడవ కట్టిననాడు ఎడమవైపు ఐదో పలకలో, కొమ్మ మొలిచిన చోట ఒక ముడి ఉండేది. చూసి కూడా వాడేశాడు. అలాంటి ముడి ఉన్న ముక్క కోసం ఎనిమిది రోజులు వెతికి, తెచ్చి అదే చోట పెట్టాడు. నీరు చొరకుండా సందుల్లో దూది కూరి, గుగ్గిలం పట్టించాడు.

"నీరు ఇక్కణ్ణించే వచ్చుంటాది" అని భార్య నూకరత్నానికి ఆ ముడి చూపించాడు.

పడవలో బరువుకు ఇసుక పోసి, నీళ్ళ తొట్టిలో వదిలాడు. మూడు రోజులు దాని పక్కనే కూర్చున్నాడు. నాలుగో పొద్దున ఇసుకంతా తోడేసి, అడుగున అరచెయ్యి ఆనించి చూశాడు. పొడిగా ఉంది.

నూకరత్నానికి ప్రాణం లేచొచ్చింది. "చూసేవా? నీ చేతిలో లోపం లేదయ్యా. ఇక లెగు, ఇంత తిందువుగాని."

సత్తెయ్య ఆమె మొహంలోకి చూశాడు.

"లోపం లేపోతే మరి నా తమ్ముడేడే?"

ఆమె అతని పక్కనే కింద కూర్చుంది. ఆ సమయానికి తానూ అక్కడే ఉన్నానని స్వామి చెప్పారు.

శరభయ్య తల వంచుకుని విన్నాడు. "తర్వాతైనా ఆయన మనసు కుదుటపడిందా స్వామీ?" అని అడిగాడు.

"ఆ సాయంత్రమే పలకలన్నీ ఊడదీశాడు. మరుసటేడు నేను వెళ్ళేసరికి, ఇంకా ఆ లోపమే వెతుకుతూ నాలుగో చిన్న పడవ కడుతున్నాడు."

స్వామి మెల్లగా ఇంకో మాట అన్నారు:

"పలక బిగిస్తున్నంతసేపూ ఆయన ఏడవగా నేను చూడలేదు, శరభయ్యా."