ఉత్తరేణి బట్టలెందుకు పట్టుకుంటుంది?

ఒకప్పుడు ఉత్తరేణి గింజలు నువ్వుల్లా నున్నగా ఉండేవి. గుచ్చుకునేవి కావు, అంటుకునేవి కావు. ఎవరైనా పక్కనుంచి వెళ్తే తలలెత్తి చూసేవి, అంతే. ఆ ఒకప్పుడు ఎప్పుడని మాత్రం నన్నడక్కండి. అప్పటికే బళ్లున్నాయి, బళ్లలో సైన్సుంది, సైన్సంటే బట్టీ పట్టడమూ ఉంది.

అలాంటి ఒక హైస్కూల్లో, తొమ్మిదో తరగతి కిటికీ కింద, ఒక ఉత్తరేణి మొలిచింది. పక్కనే గరిక. వానలకు ఉత్తరేణి ఏపుగా పెరిగి పొడుగాటి కంకి వేసింది. కంకినిండా లేత గింజలు. అవే దాని పిల్లలు.

వినాయక చవితి వచ్చింది. తెల్లారేసరికి పిల్లలు పత్రి కోసం బుట్టలు పట్టుకుని బడి ఆవరణంతా గాలించారు.

"ఒసే, ఇదిగోనే ఉత్తరేణి! దొరికింది!" అని నూకరత్నం గంతులేసింది. ఆ పిల్ల తొమ్మిదో తరగతే. చెప్పులు విడిచి, మొక్కకు దణ్ణం పెట్టి, కోసిన ఆకుల్ని కళ్లకద్దుకుని మరీ బుట్టలో వేసుకుంది.

ఉత్తరేణి ఉబ్బితబ్బిబ్బయింది. "గరికక్కా, నేనింత గొప్పదాన్నా? నాకే తెలీదే!"

"నన్నూ కోశార్లే. ఊరికే పొంగిపోకు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య," అంది గరిక.

మల్లయ్య ఎవరో ఉత్తరేణికి తెలియదు. అడిగితే నవ్వుతుందని ఊరుకుంది.

చవితి వెళ్లిపోయింది. గింజలు ముదిరాయి. ఒకరోజు కిటికీలోంచి సుభాషిణి టీచర్ గొంతు వినిపించింది. "మన చుట్టూ ఉన్న ప్రతి మొక్కా విలువైనదే. దీన్నే జీవవైవిధ్యం అంటారు. అండర్‌లైన్ చేసుకోండి, రెండు మార్కులు."

నూకరత్నం లేచి నిలబడింది. "టీచర్, మన కిటికీ కింద ఎన్ని రకాల మొక్కలున్నాయి?"

"అది పరీక్షలో రాదమ్మా. కూర్చో."

పరీక్షంటే ఏమిటో ఉత్తరేణికి తెలియదు. తాను విలువైనదని మాత్రం చెవినపడింది. చాలదూ మరి! కంకి ఊపుకుంటూ నిలబడింది.

ఆ సాయంత్రమే హెడ్మాస్టరుగారు పిల్లలందరినీ వరసలో నిలబెట్టారు. "రేపు మన బళ్లో జీవవైవిధ్య దినోత్సవం. పెద్దాఫీసరుగారు వస్తున్నారు. పొద్దున్నే వచ్చి పిచ్చిమొక్కలన్నీ పీకి పారేయాలి. ఆ జాగాలో క్రోటన్ కుండీలు పెడతాం. అర్థమైందా?"

"అయింది సార్!" అన్నారు పిల్లలు. వాళ్లకేం అర్థమైందో దేవుడికెరుక.

ఉత్తరేణి అటూ ఇటూ చూసింది. "పాపం, ఎవరక్కా ఆ పిచ్చిమొక్క? మన దగ్గర్లోనే ఉందా?"

"మనమేనే, వెర్రిమొహమా!"

ఉత్తరేణి లెక్కేసుకుంది. మొన్న దేవుడి పాదాల దగ్గర పెట్టారు. ఇందాక విలువైనదన్నారు. ఇప్పుడు పిచ్చిదంటున్నారు. మూడు మాటలూ అన్నది మనుషులే! ఇంతకీ తానెవరు? ఎంత ఆలోచించినా తలకెక్కలేదు.

"నువ్వెవరివో తర్వాత తేల్చుకుందువుగాని, ముందు పిల్లల సంగతి చూడు," అంది గరిక. "నాకు వేళ్లుంటే చాలు, ఎక్కడ మిగిలితే అక్కడ చిగురిస్తాను. నిన్ను కంకితో సహా కుప్పలో వేసి తగలబెడితే నీ వంశం ఇక్కడితో సరి."

ఉత్తరేణి గాలిని పిలిచింది. "గాలి మామా, నా పిల్లల్ని ఎక్కడికైనా మోసుకుపోవా?"

"జిల్లేడు గింజలకు దూది ఉంది, ఎగరేసుకుపోతాను. నీ పిల్లలకు ఏముంది పట్టుకోడానికి? నున్నటి వెధవలు!" అనేసి గాలి తన దారిన తాను పోయింది.

నేలను బతిమాలింది. "తల్లీ, నన్ను వదలకు."

"నేనెందుకు వదుల్తాను? కానీ వాళ్లు కొడవళ్లు కూడా తెస్తారే," అంది నేల దిగులుగా.

మర్నాడు పొద్దున్నే నూకరత్నం కిటికీ దగ్గరకొచ్చింది. కంకి పట్టుకోబోయి ఆగింది. "ఒసే, ఇది మనం పూజకు కోసిందే కదూ?"

"పూజ ఎప్పుడో అయిపోయింది కదే! పీకు, సార్ చూస్తున్నారు," అంది స్నేహితురాలు.

నూకరత్నం మొక్కవంక చూసింది, సార్ వంక చూసింది. ఏం చేయాలో తోచలేదు. పెద్దవాళ్లు చెప్పారు కదా అని కళ్లు మూసుకుని పీకింది.

వేళ్లు తెగుతుంటే ఉత్తరేణి అరిచింది. "ఒరేయ్ పిల్లలూ! మనల్ని ఎవరూ మోసుకుపోరర్రా! మీరే పట్టుకోండి! పట్టుకుని అడగండి, మనమెవరమో!"

అమ్మ గొంతు విని గింజలు ఒక్కుమ్మడిగా తలలు కిందకు వాల్చేశాయి. ఉన్న బలమంతా కూడదీసుకుంటే ఒంటిమీద సన్నసన్నటి ముళ్లు పొడుచుకొచ్చాయి. ఆ ముళ్లతో నూకరత్నం చున్నీని గట్టిగా పట్టుకున్నాయి. తల్లిమొక్క కుప్పలోకి పోయింది. కుప్పకు నిప్పంటించారు.

పెద్దాఫీసరుగారు వచ్చేలోగా పిల్లలు చేతులు కడుక్కుని క్లాసులో కూర్చున్నారు. నూకరత్నం చున్నీలోంచి గింజల్ని ఒక్కొక్కటే లాగుతోంది. లాగేకొద్దీ ఆ పిల్ల మొహంలో ఏదో సందేహం.

"టీచర్, ఈ గింజల తలలన్నీ కిందకే ఉన్నాయేంటి? ఇవి మన బట్టల్ని ఎందుకు పట్టుకుంటాయి?"

సుభాషిణి టీచర్ ఒక గింజను వేలిమీద పెట్టుకుని చూసింది. వెలుతురుకు తిప్పి చూసింది. పిల్లలంతా చుట్టూ మూగారు. "నాకూ చూపించు! జరగరా!" అని ఒకటే తోపులాట. పుస్తకం తెరిచినవాడు ఒక్కడూ లేడు.

"నాకు తెలీదర్రా," అంది టీచర్ చివరికి. "పదండి, మొక్కనే చూసి తెలుసుకుందాం. ఎక్కడుంది?"

అందరూ కిటికీ కిందకు పరిగెత్తారు. అక్కడ వరసగా క్రోటన్ కుండీలున్నాయి. కుండీల పక్కన బోసి నేల ఉంది.

"అయ్యో, ఎవరు పీకేశారు?" అంది టీచర్.

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నూకరత్నం కళ్లనిండా నీళ్లు. "మనమే టీచర్."

నూకరత్నం కూర్చుని, గుప్పిట్లో ఉన్న గింజల్ని మట్టిలో వేసి కప్పింది. నాలుగు చినుకులు పడగానే అవి మొలిచాయి, పెరిగాయి, కంకులు వేశాయి. ఆ కంకులకు కొత్తగా వచ్చిన గింజలకూ తలలు కిందకే ఉన్నాయి, ఒంటినిండా ముళ్లే ఉన్నాయి. అమ్మ అడగమన్న మాటకు జవాబు మాత్రం వాటికింకా దొరకలేదు.

మనుషులేం తేల్చారు గనక! ఇప్పటికీ చవితినాడు వెతుక్కుని దణ్ణం పెడతారు, ఆ తర్వాత పిచ్చిమొక్కంటూ పీకేస్తారు.

అప్పటినుంచే ఉత్తరేణి గింజలు, పక్కనుంచి ఎవరు వెళ్లినా, లంగా అనక, లుంగీ అనక, పట్టుకుని వదలవు. ఎంత పనిమీద పోతున్నవాళ్లయినా ఎక్కడో ఒకచోట కూర్చుని ఒక్కొక్కటే లాక్కోవాలి. ఆ కాసేపూ దాని మొహం చూడక తప్పదు.