నూకాలు పరిచిన చాప

అనగా అనగా, ఈ ఏరు ఇంకా తూర్పుగా పారే రోజుల్లో, ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్లో చాపలు అల్లే నూకాలు ఉండేది. పేరు గుర్తుపెట్టుకోండి, నూకాలు. మొగుడు పైడయ్య తుంగ కోసుకొచ్చేవాడు. ఆమె అల్లేది.

ఆ ఊళ్లో ఏలినవారు కట్టించిన వైద్యశాల ఉండేది. అందులో ఒక వైద్యుడు, మందులు నూరే నౌకరు ఒకడు. వైద్యుడి పేరు నాకు తెలుసు. చెప్పను. నాతోనే పోనీ ఆ పేరు.

ఒకనాడు కొడవలి జారి పైడయ్య కాలు తెగింది. నూకాలు అతన్ని మోసుకొచ్చి వైద్యశాల వాకిట్లో చాప మీద పడుకోబెట్టింది. నౌకరు గుమ్మంలోకి వచ్చాడు. మొహం చూడలేదు. "రేపు రా" అన్నాడు. మర్నాడు కాలు వాచింది. "రేపు రా" అన్నాడు. ఆ మర్నాడు కాలు నల్లబడింది. "రేపు రా" అన్నాడు.

"ఒసే నూకాలూ, ఈ రేపు అనే ఊరు ఎక్కడుందో కనుక్కో. మనమే అక్కడికి పోదాం" అన్నాడు పైడయ్య, పళ్లు కరుచుకుని.

అంతలో తనిఖీ వచ్చింది. రోగులను ఎలా చూస్తున్నారో తెలుసుకోవడానికి ఏటా ఏలినవారి మనిషి పల్లకీలో వస్తాడు. ఆ రోజుకు వైద్యశాలలో ఒక ఆనవాయితీ ఉండేది. గోడలకు సున్నం కొడతారు. జాడీలు తోముతారు. అసలు రోగులను చాపలతో సహా వెనక పశువుల పాకలోకి తోలేసి, మంచాల మీద వైద్యుడి బావమరుదులను పడుకోబెడతారు. పీకలదాకా తిన్న బావమరుదులు దుప్పట్లు కప్పుకుని మూలుగుతారు.

"ఎలా చూస్తున్నారయ్యా?" అని అడుగుతాడు ఏలినవారి మనిషి.

"అమ్మ చూసినట్టు చూస్తున్నారు బాబూ!"

ఆ ఏడు ఆయన, "ఊరివాళ్లను ఒకరిని పిలవండి" అన్నాడు. నౌకరు పాకలోకి పరిగెత్తాడు.

"నూకాలూ, అమ్మ చూసినట్టు చూస్తున్నారని చెప్పు. ఈ పూటే నీ మొగుణ్ణి లోపలికి తీసుకుంటాం."

నూకాలు మొగుడి కాలు చూసింది. వెళ్లింది. చెప్పింది. ఆయన కుర్చీలో కూర్చుని విన్నాడు, మజ్జిగ తాగాడు, పల్లకీ ఎక్కాడు. నూకాలు పైడయ్యను గుమ్మం దాకా ఈడ్చుకొచ్చింది.

"రేపు రా" అన్నాడు నౌకరు.

రేపటికి పైడయ్య లేడు.

నూకాలు ఏడవలేదు. ఏడిస్తే కోపం చల్లారిపోతుందని భయపడింది. పైడయ్య పడుకున్న చాపను ఉతకలేదు, పారేయలేదు. చుట్టి చూరులో దోపింది. రోజూ దాని వంక చూసేది.

ఏడు తిరిగింది. ఊరి ముందు డప్పులు, దండలు. నూకాలు మాత్రం చాప చంకన పెట్టుకుని, పల్లకీ ఆగే ఏటి రేవుకు పోయింది.

"బాబూ, పోయినేడు మీకు సాక్ష్యం చెప్పింది నేనే. ఈ ఏడూ చెబుతాను. పల్లకీలో ఉంటే వినపడదు. దిగి రండి."

ఆమె కళ్లు చూసి ఆయన దిగాడు. దొడ్డిదారిన పాకలోకి తీసుకెళ్లింది. రోగుల మధ్య చాప పరిచింది. "తలపాగా తీసి కూర్చోండి. ఊరికే కూర్చోవడం కాదు, నౌకరు వస్తే అడగండి. మేం అడిగినట్టు అడగండి."

నౌకరు వచ్చాడు. "నోళ్లు మూసుకుని పడుండండర్రా!"

"నాయనా, దాహం. కాసిని నీళ్లు" అన్నాడాయన.

"ఇది నీ అత్తారిల్లా? రేపు రా."

"కడుపులో నొప్పి. వైద్యుణ్ణి పిలువు."

"రేపు రా."

"ఏలినవారి మనిషి వచ్చాడని చెప్పు."

"ఎవడొచ్చినా రేపే!" అన్నాడు నౌకరు. మొహం చూడనే లేదు.

ఆయన లేచి తలపాగా చుట్టుకున్నాడు. పొద్దు వాలకముందే వైద్యుణ్ణీ నౌకరునూ బావమరుదులనూ ఊరి పొలిమేర దాటించాడు. అసలు రోగులు మంచాలెక్కారు. ఆయన నూకాలును పిలిచాడు.

"నీకేం కావాలమ్మా?"

"పోయినేడు నేను అబద్ధం చెప్పాను, మీరు నమ్మారు. చెప్పినందుకు నా మొగుడు పోయాడు. నమ్మినందుకు మీకేం పోయింది బాబూ?"

ఆయన తలపాగా తీసి, మళ్లీ ఆ చాప మీదే కూర్చున్నాడు.

బతికినన్నాళ్లూ నూకాలు ఏటా ఒక కొత్త చాప అల్లి వైద్యశాల వాకిట్లో పరిచేది. ఆమె పోయాక ఊరే అల్లుతోంది. తనిఖీకి ఎంతటివాడు వచ్చినా, ముందు తలపాగా తీసి, రోగుల మధ్య ఆ చాప మీద కూర్చుని, తన వంతు వచ్చాకే గడప దాటాలి.

ఇప్పటికీ ఆ వైపు ఎవరైనా, "ఫలానా చోట రోగులను బాగా చూస్తారట" అంటే ముసలీ ముతకా పిల్లా జెల్లా ఒకటే అడుగుతారు. మీరూ అడగండి. నేను మరిచిపోయినా మీరు మరవకండి.

"చాప మీద కూర్చుని చెబుతున్నావా, కుర్చీలో కూర్చుని చెబుతున్నావా?"